ఎవరూ లేని తీరానికి అందరూ రండి

నిర్మానుష్యమైన సముద్రతీరానికి ఉన్న లోపం ఒక్కటే. అక్కడ మనుషులుండరు. బంధువులున్న కుటుంబం తలుచుకుంటే ఈ లోపాన్ని ఒక్క పూటలో సరిచేయవచ్చు.

ప్రశాంతత కోసమే కదా అంతదూరం వెళ్ళేది అని కొందరు అడుగుతారు. ప్రశాంతత అంటే ఏమిటో వాళ్ళనే చెప్పమనండి. ఒక చాప, నలుగురు మనుషులు, ఎదురుగా నీళ్ళు. టీలోకి పంచదార తక్కువైతే అడగడానికి పొరుగిల్లు లేదు. కాలు బెణికితే తలా ఒక మందు చెప్పేవాళ్ళు లేరు. కడుపు నిండాక ఇంకో ముద్ద తినమని ఒట్టు పెట్టేవాళ్ళు లేరు. ఇది విహారమా, దేశ బహిష్కారమా?

మా ఊరు నైలు ఒడ్డున ఉంది. ఎర్ర సముద్రం ఎడారికి అవతల. పొద్దున్నే బయలుదేరితే మధ్యాహ్న భోజనానికి అక్కడ ఉండవచ్చు. అయినా మా ఊళ్ళో సగంమంది ఆ సముద్రాన్ని చూడలేదు. బద్ధకం వల్ల కాదు. ఎవరినీ పిలవకుండా వెళ్ళడం మాకు చేతకాదు. అందరినీ పిలిస్తే అందరికీ ఒకేసారి తీరిక దొరకదు. ఈ చిక్కుముడిని పోయిన వేసవిలో మా బంధువు షాజ్లీ కుటుంబం విప్పింది. ఎలా విప్పిందో తెలుసుకోవడం ప్రయాణం తలపెట్టిన ప్రతి ఇంటికీ అవసరం.

షాజ్లీ ఖిఫ్త్ నుంచి ఎర్ర సముద్రం ఒడ్డునున్న ఖుసేర్ రేవుకు మైక్రోబస్ నడుపుతాడు. పరీక్షల్లో మంచి మార్కులు తెచ్చుకున్న కూతురు రద్వాని ఏం కావాలో కోరుకోమన్నాడు. ఆ మరుసటి ఏడు ఆమెది బడిలో ఆఖరి తరగతి. మా దగ్గర ఆఖరి తరగతి పిల్ల ఉన్న ఇంట్లో దగ్గినా చెయ్యి అడ్డుపెట్టుకుని దగ్గుతారు. విహారాలు, చుట్టరికాలు అన్నీ బంద్. అందుకని ఏం కోరుకున్నా ఆ వేసవిలోనే కోరుకోవాలి.

రద్వా బంగారం అడగలేదు. ఫోను అడగలేదు. సముద్రంలో ఒక్కసారి తల ముంచి కింద ఏముందో చూడాలంది. ఆ తర్వాత మరీ చిన్న గొంతుతో, "ఎవరూ లేని చోట, నాన్నా" అంది.

ఈ కోరిక ఊరికే పుట్టలేదు. ఎవరో యాత్రికుడు మైక్రోబస్‌లో నీటి కళ్ళద్దం మరిచిపోయాడు. ముక్కును కూడా మూసేసే పెద్ద అద్దం, నోట్లో పెట్టుకుని ఊపిరి పీల్చుకోవడానికి ఒక వంకర గొట్టం. అతను తిరిగి వస్తాడని షాజ్లీ చాలాకాలం దాచాడు, రాలేదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు రద్వా బట్టలు నానబెట్టే తొట్టిలో నీళ్ళు నింపేది. చెంచాలు, బెండకాయలు వేసి, అద్దం పెట్టుకుని తల ముంచేది. బెండకాయలు తేలేవి. చెంచాలు అడుగున మెరిసేవి. లోకంలో చెంచాల కంటే చూడదగినవి ఇంకేవో ఉంటాయని ఆమెకు అనుమానం కలిగింది. చదువుకున్న పిల్లలతో వచ్చే ఇబ్బందే ఇది.

అలాంటి చోటు షాజ్లీకి తెలుసు. పేరు మర్సా నాయిమా. తారురోడ్డు దిగి రాళ్ళదారిన వెళ్ళాలి. బోర్డు లేదు, టీకొట్టు లేదు, ఫోనుకు సిగ్నల్ లేదు. నడుము లోతు నీళ్ళలోనే పగడపు దిబ్బ మొదలవుతుంది. విదేశీయుల్ని ఎన్నోసార్లు అక్కడ దింపాడు. వాళ్ళు నీళ్ళలో తలలు ముంచి గంటల తరబడి తేలుతూ ఉంటే, తను బస్సులో కూర్చుని గుమ్మడి గింజలు కొరుక్కుంటూ వాళ్ళ వీపులు చూసేవాడు.

"నువ్వు, నేను, అమ్మ, తమ్ముడు. అంతే. ఇంకెవరూ ఉండరు," అని మాటిచ్చాడు.

పాఠకులారా, ఇంత తెగువైన ప్లాను మా ఊళ్ళో అంతకుముందు ఎవరూ వేయలేదు.

రద్వా తల్లిని అందరూ కొడుకు పేరుతో కరమ్ అమ్మ అంటారు. ఆమె ఆ క్షణం నుంచే కట్టడి విధించింది. "బయట ఒక్క మాట పొక్కకూడదు. కన్ను పడుద్ది. మా అక్క ఫ్రిజ్ కొంటున్నానని నలుగురికీ చెప్పింది. ఏమైంది? దుకాణమే మూతబడింది."

అందరూ నోళ్ళు కుట్టేసుకున్నారు. కానీ రొట్టెకు ఆ సంగతి ఎవరు చెప్పాలి? మా రొట్టె ఎండలో పొంగాలి. పిండి ముద్దల్ని మట్టి పళ్ళేల మీద పెట్టి డాబా అంతా పరుస్తారు. ఏ ఇంట్లో ఎన్ని ముద్దలు పొంగుతున్నాయో పక్క డాబా మీద నిలబడితే తెలుస్తుంది. ఎవరింటికి చుట్టాలొస్తున్నారో, ఎవరు ఊరు వెళ్తున్నారో మేం వార్తల్లో చూడం, డాబాల మీద చూస్తాం.

పక్క డాబా షాజ్లీ అక్క నఫీసాది.

"ఏంటి కరమ్ అమ్మా, ఎవరైనా పోయారా?"

"ఎవరూ పోలేదు వదినా."

"అయితే పెళ్ళా? నాకు చెప్పకుండా పెళ్ళి పెట్టుకున్నారా?"

"పెళ్ళేంటి వదినా. రొట్టె నిండుకుంది, చేస్తన్నాను."

"ఇన్ని రొట్టెలు నిండుకున్నాయంటే అది ఇల్లు కాదు, పటాలం."

ఆ సాయంత్రం ఆమె తమ్ముణ్ణి నిలదీసింది. ప్రయాణికులతో, పోలీసులతో, చివరికి ట్రాఫిక్ కెమెరాతో కూడా అబద్ధమాడగలిగిన షాజ్లీ అక్క ముందు ఆడలేకపోయాడు. నిజం చెప్పేశాడు. చెప్పాక మర్యాద ఉంటుంది కదా? "నువ్వు లేకపోతే ఆ సముద్రం నాకెందుకక్కా. నువ్వూ రావాల్సిందే," అన్నాడు.

మా మర్యాద లోకానికి నేర్పదగింది. పిలిచేవాడు ఒట్టు పెట్టి మూడుసార్లు పిలవాలి. పిలిపించుకున్నవాళ్ళు గుండె మీద చెయ్యి వేసుకుని మూడుసార్లు వద్దనాలి. ఆ పైన ఇద్దరూ ఎవరింటికి వాళ్ళు వెళ్ళిపోవాలి. పిలిచినవాడికి దాత అన్న పేరు, వద్దన్నవాడికి అభిమానవంతుడన్న పేరు. బస్సులో సీట్లు మాత్రం ఖాళీగానే ఉంటాయి.

నఫీసా పద్ధతి తప్పే మనిషి కాదు. మూడుసార్లూ వద్దని లేచి వెళ్ళింది. వెళ్ళి, పొంగిపోయి, కుటుంబ గ్రూపులో పెట్టింది: "నా తమ్ముడు నన్ను సముద్రానికి రమ్మని మూడు ఒట్లు పెట్టాడు. ఇలాంటి తమ్ముడు ఎవరికున్నాడు?"

ఇక్కడే ఆధునిక విజ్ఞానానికి మనం చేతులెత్తి మొక్కాలి. వెనకటికి పిలుపు ఒక్క గుమ్మం దగ్గర మొదలై ఆ గుమ్మం దగ్గరే ముగిసేది. ఇప్పుడు గ్రూపు ఉంది. అక్కను పిలిచిన సంగతి వంశమంతా చదివేసింది. మిగతావాళ్ళను పిలవకపోతే ఏ ముఖంతో తిరుగుతాడు? షాజ్లీ గొంతు సవరించుకుని వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అందరూ రండి. మీరు లేని విహారం విహారమే కాదు."

కరమ్ అమ్మ అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. షాజ్లీ మాత్రం నిబ్బరంగా ఉన్నాడు. "ఎందుకు కంగారు? హాజ్ వద్దంటారు. ఆయన వద్దన్నాక ఇంకెవరు వస్తారు?"

షాజ్లీ ధీమాకు కారణముంది. గుంపుగా పిలిచినప్పుడు అందరికంటే పెద్దవారు ముందు వద్దనాలి, ఆ వెనుక మిగతావాళ్ళు. మా వంశంలో పెద్ద, షాజ్లీకి పెదనాన్న, హజ్ యాత్ర చేసి వచ్చిన హాజ్ దర్దీర్. వద్దనడంలో ఆయన్ని మించినవారు నైలుకు ఈ ఒడ్డున లేరు. పెళ్ళి విందులు వద్దన్నారు. కొడుకు కొనిస్తానన్న ఏసీ వద్దన్నారు. రెండో గ్లాసు టీ వద్దన్నారు. వంశమంతా ఆయన వద్దనడం కోసం ఫోన్లు పట్టుకుని కూర్చుంది.

వాయిస్ మెసేజ్ వచ్చింది. ముందు చాలాసేపు దగ్గు. వెనకాల కోడి కూత. తర్వాత హాజ్ గొంతు.

"వస్తాను."

కాసేపాగి ఇంకోటి. "ఎప్పుడు?"

పెద్దాయన సరేనన్నాక చిన్నవాళ్ళు వద్దంటే అది ఆయన్ని తప్పుపట్టినట్టే. కాబట్టి ఆయన పరువు కాపాడడానికి అందరూ వస్తామన్నారు. మూడుసార్లు వద్దన్న నఫీసా కూడా, హాజ్ కోసమే, పెట్టె సర్దుకుంది.

ఇంతకీ షాజ్లీకి లోలోపల కాస్త హాయిగానే ఉంది. మైక్రోబస్ వాడికి ఖాళీ సీటు పంటి కింద రాయి. స్టాండులో ఆఖరి సీటు నిండేదాకా తాళం తిప్పని చెయ్యి అది. నలుగురితో ఎడారి దాటడం ఎలాగా అని కోరిక విన్న రోజు నుంచీ అతనికి నిద్ర సరిగా పట్టలేదు.

నలుగురు కూర్చుని ప్లాన్ వేస్తే నాలుగు బుర్రలే పనిచేస్తాయి. వంశమంతా వేస్తే? మర్సా నాయిమాలో నీడ లేదని ఒకరు కనిపెట్టారు. షాజ్లీ తమ్ముడు రిఫాయీ పెళ్ళిళ్ళకూ పరామర్శలకూ షామియానాలు అద్దెకిస్తాడు. ఎర్రా నీలం పూల గుడ్డలు, గుంజలు, కుర్చీలు తన ట్రక్కులో తెస్తానన్నాడు. గ్యాస్ పొయ్యి ఒకరు, నీళ్ళ డ్రమ్ములు ఒకరు తెస్తామన్నారు. మైకు కూడా తెస్తానన్నాడు రిఫాయీ. ఎందుకని ఎవరూ అడగలేదు. షామియానా ఉన్నచోట మైకు ఉండాలి. సముద్రానికి ఉప్పుచేప తీసుకెళ్ళాలా, బాతులు వండుకెళ్ళాలా అన్నదాని మీద వాదన చాలాదూరం వెళ్ళింది. ఇద్దరు తోడికోడళ్ళు మాట్లాడుకోవడం మానేశారు. చివరకు రెండూ తీసుకెళ్దామని తేలింది.

మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు. దారినపోయేవాళ్ళ కన్ను పడకుండా ఆడవాళ్ళ వైపు నాలుగు పక్కలా గుడ్డ కట్టాలని రిఫాయీ బొమ్మ గీసి పెట్టాడు. నాలుగో పక్క సముద్రం. అటునుంచి దారినపోయేది ఎవరని గ్రూపులో ఎవరికీ సందేహం రాలేదు. వచ్చినా అడగలేదు.

నీళ్ళలోకి ఎవరు దిగాలన్నది మాత్రం చర్చకే రాలేదు. రద్వా ప్రతి మెసేజూ విన్నది, ఒక్కటీ వదలకుండా. మగపిల్లలు ఈత నిక్కర్ల గురించి మాట్లాడుకున్నారు. ఆడపిల్లల గురించి ఏ మాటా లేదు. మాట లేదంటే నిర్ణయం అయిపోయినట్టే. మా దగ్గర పెద్ద నిర్ణయాలన్నీ ఇలాగే జరుగుతాయి, గొడవ లేకుండా.

బస్సు కడుగుతున్న తండ్రి దగ్గరికి ఆమె వెళ్ళి నిలబడింది.

"నాన్నా, ఎవరూ లేని చోటన్నావు."

"ఇప్పటికీ అక్కడ ఎవరూ లేరమ్మా. మనం వెళ్ళేదాకా."

"అందరూ చూస్తుంటే నేను దిగలేను."

షాజ్లీ ఒకే చక్రాన్ని మళ్ళీ మళ్ళీ కడిగాడు. "సముద్రం ఎక్కడికి పోద్ది. ఇంకోసారి వెళ్దాం," అన్నాడు.

ఆఖరి తరగతి తర్వాత ఇంకోసారి ఎప్పుడు వస్తుందో ఇద్దరికీ తెలుసు. ఆమె బకెట్‌లో నీళ్ళు మార్చి తెచ్చిపెట్టి లోపలికి వెళ్ళింది.

మర్నాడు హాజ్‌కు వేడి రొట్టెలిచ్చి రమ్మని తల్లి పంపింది. పెద్దాయన గుమ్మంలో కూర్చుని ఉన్నారు.

"అందరూ నా మీద కోపంగా ఉన్నారటగా?" అన్నారు.

"లేదు తాతా."

"ఉన్నారులే. ఏం చెయ్యను. పుట్టినప్పట్నుంచీ వద్దు వద్దంటూ వచ్చాను. నోరు నొప్పెడుతోంది." రొట్టె తుంచుకున్నారు. "ఇంతకీ ఆ సముద్రంలో ఏముందే?"

"చేపలు తాతా. పసుపువి, నీలానివి, చారలవి. పుస్తకంలో చూశాను. పైనుంచి చూస్తే కనబడవు. తల ముంచాలి."

"మరి నువ్వు ఎలా చూస్తావు?"

రద్వా రొట్టెల మీద గుడ్డ సరిగా కప్పింది. హాజ్ ఇంకో ముక్క తుంచుకున్నారు.

తెల్లవారుజాము నమాజు అయ్యాక రెండు మైక్రోబస్సులు, ఒక ట్రక్కు కదిలాయి. రిఫాయీ ట్రక్కులో గుడ్డలు చూసి చెక్‌పోస్టులో పోలీసాయన, "ఎవరు పోయారు?" అని విచారంగా అడిగాడు. "ఎవరూ పోలేదు, విహారం," అన్నాడు షాజ్లీ. "మీరూ రండి," అని కూడా అన్నాడు. పోలీసాయన చదువుకున్నవాడు, గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

మర్సా నాయిమాలో అప్పటికే ఒక విదేశీ జంట ఉంది. వంశమంతా దిగడం చూసి వాళ్ళు సామాను సర్దుకోబోయారు. షాజ్లీ భోజనానికి పిలిచాడు. పాపం, వాళ్ళకు మూడుసార్లు వద్దనాలని తెలియదు. మొదటి పిలుపుకే కూర్చుని బాతు తిన్నారు. తిన్నాక ఆ దొరసాని నీళ్ళలోకి వెళ్ళి చాలాసేపు తేలింది. ఆమెను ఎవరూ ఏమీ అనలేదు. ఎలా అంటారు? ఆమె మా బంధువు కాదు.

అప్పటికి షామియానా లేచింది. ఆడవాళ్ళ వైపు నాలుగు పక్కలా పూల గుడ్డ. లోపల పొయ్యి, టీ కెటిల్, గిన్నెలు. మా వీధి ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది, కాస్త ఉప్పు గాలి తప్ప. రద్వా నీటి కళ్ళద్దాన్ని రిఫాయీ కొడుకులు బస్సు దిగగానే తీసుకెళ్ళారు. వంతులవారీగా తలలు ముంచారు. తెర దగ్గరికొచ్చి, "రద్వా, ఒక చేప అరచెయ్యంత ఉంది, ఎంత పచ్చగా ఉందో," అని చెప్పి, టీ తాగి వెళ్ళారు. అద్దం తిరిగి వచ్చేసరికి దాని నిండా ఇసుక. ఆమె ఇసుక కడిగి, తుడిచి, ఒళ్ళో పెట్టుకుని గిన్నెలు తోమడం మొదలుపెట్టింది.

భోజనాలయ్యాక హాజ్ దర్దీర్ కర్ర పట్టుకుని లేచారు. "నేను నీళ్ళలోకి వెళ్తాను," అన్నారు.

మగవాళ్ళంతా లేచారు.

"కూర్చోండి. మీ చేతులు బాతు కొవ్వుతో జిడ్డోడుతున్నాయి. పట్టుకుంటే జారిపోతాను. రద్వా ఏదీ? గిన్నెలు తోముతోందిగా, ఆ పిల్ల చెయ్యి శుభ్రంగా ఉంటుంది."

పెద్దవారికి సేవ చేయమంటే కాదనేవాళ్ళు మా వంశంలో పుట్టలేదు. రద్వా తెర ఎత్తి బయటికి వచ్చింది. అందరి చూపులూ తన మీద పడతాయని తల దించుకునే నడిచింది. చూపులన్నీ హాజ్ మోకాళ్ళ మీద ఉన్నాయి.

"ఆ అద్దం కూడా తెచ్చుకో," అన్నారు హాజ్, ఒడ్డున ఉన్నవాళ్ళందరికీ వినబడేలా. "అడుగున ముళ్ళవీ విషప్పురుగులూ ఉంటాయట. నా కాలు ఎక్కడ పడుతోందో చూసేవాళ్ళు కావాలి."

మోకాలి లోతు, తొడ లోతు, నడుము లోతు. హాజ్ పొడుగు అంగీ నీళ్ళ మీద బుట్టలా ఉబ్బింది. రద్వా ఒక చేత్తో ఆయన చెయ్యి పట్టుకుని, గొట్టం నోట్లో పెట్టుకుని తల ముంచింది.

ఒడ్డు నుంచి రిఫాయీ కేకేశాడు. "ఆ పిల్ల తల ముంచిందేంటి?"

"నా కాళ్ళు చూస్తోందిరా," అన్నారు హాజ్. "నువ్వొచ్చి చూస్తావా నా కాళ్ళు?"

రిఫాయీ కూర్చున్నాడు.

నీళ్ళ కింద ముందుగా కనబడింది నిజంగానే ఆయన పాదం. పగుళ్ళు బారిన మడమ, పెద్దగా, తెల్లగా. దాని చుట్టూ వేలెడంత చారల చేపలు కొన్ని, కొత్త చుట్టాన్ని చూసినట్టు తిరుగుతున్నాయి. కాస్త అవతల పగడపు దిబ్బ. దాని మీద నీలం ఆకుపచ్చ కలిసిన ఒక చేప రాయిని కొరుకుతోంది. కొరుకుతున్న చప్పుడు వినబడింది, ఎవరో ఎండు రొట్టె నములుతున్నట్టు. చేపకు చప్పుడుంటుందని పుస్తకంలో లేదు.

ఆమె తల పైకెత్తింది. ముఖమంతా నీళ్ళు.

"ఎలా ఉన్నాయి నా కాళ్ళు?" అన్నారు హాజ్.

"చాలా బావున్నాయి తాతా." ఊపిరి పీల్చుకుంది. "ఇంకో రెండడుగులు అటువైపు వెయ్యండి."

ఆయన వేశారు. ఆ మధ్యాహ్నం హాజ్ దర్దీర్ పాదాలు నీళ్ళలో ఎటు వెళ్ళాయో చూస్తే, అవి అచ్చం చేపలున్న వైపే వెళ్ళాయని ఒడ్డున ఎవరైనా గమనించేవారు. ఎవరూ గమనించలేదు. పెద్దాయన పడకుండా ఉంటే చాలని అందరూ దైవాన్ని తలుచుకుంటున్నారు.

అప్పుడు కరమ్ అమ్మ తెర ఎత్తి బయటికి వచ్చింది. చెప్పులు విప్పి, తిన్నగా నీళ్ళలోకి నడిచింది.

"ఎక్కడికి?" అన్నాడు షాజ్లీ.

"హాజ్ గారి ఎడంచెయ్యి గాల్లో ఉంది. పడితే ఎవరిది బాధ్యత?"

ఆమె వెళ్ళి ఆ చెయ్యి పట్టుకుంది. కూతురి దగ్గర అద్దం తీసుకుని, ఆయన కాళ్ళు సరిగా ఉన్నాయో లేదో తనూ తల ముంచి చూసింది. పైకి లేచి, కూతురి ముఖంలోకి చూసి, మళ్ళీ ముంచింది. ఈసారి చాలాసేపు చూసింది.

ఒడ్డున పూలగుడ్డ అంచు ఎత్తే ఉంది. దాని కింద వరసగా ముఖాలు. నఫీసా, మాట్లాడుకోవడం మానేసిన తోడికోడళ్ళిద్దరూ, వాళ్ళ కూతుళ్ళు, ఎవరో పట్టుకుంటే తప్ప కదలలేని నఫీసా అత్తగారు కూడా. అందరూ హాజ్ కుడిచెయ్యి వైపు ఒకసారి, ఎడంచెయ్యి వైపు ఒకసారి చూస్తున్నారు. రెండూ నిండిపోయాయి.

అందుచేత కుటుంబంతో సముద్రానికి బయలుదేరే పెద్దలకు ఒక మనవి. బంధువుల్ని పిలవడంలో మొహమాటపడకండి. షామియానా ఉన్నా సరే, లేకపోయినా సరే. మోకాళ్ళ నొప్పులున్న ముసలివాళ్ళను మాత్రం లెక్క చూసుకుని తీసుకురండి, ఆడమనిషికి ఒక చెయ్యి చొప్పున.